దయ్యం సంగతి దాచిపెట్టి ఇల్లు అమ్మితే?

ప్రశ్న: మాది కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. రాజమండ్రిలో ఒక పాత మండువా లోగిలి 62 లక్షలకు బేరం కుదిరింది. 5 లక్షలు బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. రిజిస్ట్రేషన్‌కు ఇంకా ఆరు వారాల గడువుంది. మొన్న కొలతలు తీయించడానికి వెళ్తే ఎదురుగా ఉన్న కిరాణాకొట్టాయన ‘ఆ ఇల్లా కొంటున్నారు!’ అని నోరెళ్లబెట్టాడు. పెరటి నూతిలో పడి ఎవరో పోయారట, అద్దెకు దిగినవాళ్లు ఏడాది కూడా నిలవలేదట. వెతికితే యూట్యూబ్‌లో వీడియో కూడా దొరికింది. అమ్ముతున్న అన్నదమ్ముల్లో పెద్దాయనే అందులో అరుగు మీద కూర్చుని ‘అర్ధరాత్రి గజ్జెల చప్పుడు మేమూ విన్నాం’ అని చెబుతున్నాడు. ఇంట్లో ఏమైనా సమస్యలున్నాయా అని మేం అడిగినప్పుడు మాత్రం ‘నిక్షేపంలాంటి ఇల్లు’ అన్నారు. మా ఆవిడ ఆ గడప తొక్కనంటోంది. దయ్యం ఉందని కోర్టు ఒప్పుకుంటుందా? భాన్‌గఢ్ కోటలో రాత్రి ఉండకూడదని ప్రభుత్వమే బోర్డు పెట్టిందిగా, అది చూపించొచ్చా? మా బయానా వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు ఆ భాన్‌గఢ్ బోర్డు సంగతి తేల్చేద్దాం. రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో ఉన్న ఆ పాడుబడ్డ కోట ముందు పురావస్తు శాఖ బోర్డు పెట్టిన మాట నిజమే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు లోపలికి రాకూడదని ఉంటుంది. ఫొటోలు పంచుకునేవాళ్లు కింది వాక్యాలు చదవరు. పశువులు మేపేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు లోపలికి వస్తే చర్య తీసుకుంటామని, అక్కడి మొగలి చెట్లు శాఖవని, వాటికి హాని చేయకూడదని కూడా అందులోనే రాసి ఉంది. దయ్యం అన్న మాటే లేదు. 1959 నాటి పురాతన కట్టడాల నిబంధనల ప్రకారం, వేళలు ప్రత్యేకంగా చెప్పని రక్షిత కట్టడాలన్నీ పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకే దాకానే తెరిచి ఉంటాయి. ఆ బోర్డును సాక్ష్యంగా పట్టుకెళ్తే జడ్జిగారు నవ్వుకుంటారు, మీ లాయరు తల దించుకుంటాడు.

ఇక దయ్యం ఉందా లేదా అన్నది. మీ కేసు గెలవడానికి ఆ ప్రశ్న తేలనక్కర్లేదు. ఆ మాట అమ్మేవాళ్లకు ముందే తెలుసా, తెలిసి మీ దగ్గర దాచారా, దానివల్ల ఇంటి విలువ తగ్గుతుందా, ఈ మూడే కోర్టుకు కావాలి. దీనికి అమెరికాలో అచ్చం మీ కథలాంటి కేసే ఒకటి ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున నయాక్ అనే ఊళ్లో హెలెన్ ఆక్లీ అనే ఆవిడకు పాతకాలపు పెద్ద ఇల్లు ఉండేది. తమ ఇంట్లో దయ్యాలున్నాయని ఆవిడే 1977లో రీడర్స్ డైజెస్ట్‌లో రాసుకుంది. స్థానిక పత్రికలకూ చెప్పింది. ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు చూపించే ఇళ్ల జాబితాలో కూడా ‘దయ్యం ఉన్న ఇల్లు’గానే చేరింది. న్యూయార్క్ నగరం నుంచి వచ్చిన స్టాంబోవ్‌స్కీకి ఇవేమీ తెలియవు. 6,50,000 డాలర్లకు బేరం కుదుర్చుకుని 32,500 డాలర్లు అడ్వాన్సు ఇచ్చాడు. తర్వాత సంగతి తెలిసి, డబ్బు తిరిగిమ్మని కోర్టుకెక్కాడు.

కింది కోర్టు కొట్టేసింది. ‘కొనేవాడే చూసుకుని కొనుక్కోవాలి’ అన్నది అక్కడి పాత సూత్రం. 1991లో అప్పీలు కోర్టు ముగ్గురు ఇద్దరుగా చీలి ఆ తీర్పును తిప్పేసింది. దయ్యాలున్నాయని పదిమందికీ చాటిన మనిషి, ఇప్పుడు లేవంటే కుదరదు; కాబట్టి చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దయ్యం ఉన్నట్టే లెక్క అంది. చాలామంది ఆ ఒక్క వాక్యం పట్టుకుని ‘అమెరికా కోర్టే దయ్యాల్ని ఒప్పుకుంది’ అని ప్రచారం చేస్తుంటారు. కోర్టు చెప్పింది దయ్యం గురించి కాదు, ఆవిడ నోటి మాట గురించి. అదే తీర్పులో ఇంకో చమత్కారం ఉంది. ఇల్లు చూడ్డానికి ఇంజనీరును, చెదలు చూసేవాణ్ని తీసుకెళ్లినట్టు, దయ్యాలతో మాట్లాడేవాణ్ని కూడా కొనేవాడు వెంటబెట్టుకెళ్లాలా అని అడిగారు జడ్జిగారు. ఎంత జాగ్రత్తగా చూసినా బయటపడని లోపం ఇది అని ఆయన భావం. ఒప్పందం రద్దు కోరే హక్కు స్టాంబోవ్‌స్కీకి దక్కింది కానీ, మోసం చేశారంటూ అడిగిన నష్టపరిహారం దక్కలేదు.

ఆ తీర్పు మన కోర్టులకు శిలాశాసనం కాదు. ఉదాహరణగా చూపించుకోవచ్చు, అంతే. మనకు మన చట్టం ఉంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 55(1)(ఎ) ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసమేనని అదే సెక్షన్ చివర్లో ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం ఉత్త మౌనం మోసం కాదు. కానీ మీరు అడిగారు, వాళ్లు ‘నిక్షేపం’ అన్నారు. మీ కేసుకు బలం అక్కడే ఉంది. కాలిఫోర్నియాలో కూడా ఆ ఇంట్లో మూడేళ్లు దాటిన చావును అమ్మేవాళ్లు చెప్పక్కర్లేదు, కానీ సూటిగా అడిగితే అబద్ధమాడకూడదు.

అవతలి లాయరు రెండు మాటలంటాడు. ఒకటి, పుకారు లోపమెలా అవుతుంది, గోడ పగిలిందా, చెదపట్టిందా అని. రెండు, ఎదురు కొట్టులో సోడా తాగుతూ అడిగినా తెలిసేది కదా, మీ జాగ్రత్త ఏమైందని. రెండోది గట్టి వాదనే. ఇల్లు చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్లారో, ఎవరిని ఏమడిగారో ఇప్పుడే తేదీలతో రాసి పెట్టుకోండి. మొదటి వాదనకు జవాబు ఆ వీడియోనే. కిరాణాకొట్టాయన సాక్ష్యం పెద్దగా పనికిరాదు, ‘ఎవరో చెప్పగా విన్నాను’ అన్నది సాక్ష్యం కిందికి రాదు. పెద్దాయన సొంత నోటి మాట మాత్రం వస్తుంది. వీడియో లింకు, తేదీ, ఛానల్ పేరు రాసుకుని, డౌన్‌లోడ్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తేనే అది కోర్టులో చెల్లుతుంది. రేపో మాపో ఆ వీడియో మాయమైపోతుంది, ఆలస్యం చేయొద్దు.

నిజానికి ఇలాంటి ఇళ్ల గురించి నాకో అనుభవం ఉంది. జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక అద్దె తగాదాలో కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా, అంటే ఇల్లు చూసి రిపోర్టు ఇచ్చే లాయరుగా పంపింది. ‘రాత్రిళ్లు పైన ఎవరో గురకపెడుతున్నారు, అద్దె కట్టను’ అన్నది అద్దెదారు మాట. చప్పుడు చీకటి పడ్డాకే అంటున్నాడు కదా అని సాయంత్రం వెళ్లాను. ఏడున్నరకు నిజంగానే మొదలైంది, బుసకు బుస, గురకకు గురక. నాతో వచ్చిన గుమస్తా ఆంజనేయ దండకం అందుకున్నాడు. నిచ్చెన వేయించి టార్చి కొడితే అటక మూలన తెల్ల గుడ్లగూబ పిల్లలు మూడు, గుండ్రటి మొహాలతో మమ్మల్నే చూస్తున్నాయి. రిపోర్టులో అదే రాశాను. ‘గుడ్లగూబలు అద్దె కట్టవు, మీరు కట్టండి’ అన్నారు జడ్జిగారు.

అందుకని ఇల్లు మీకు నిజంగా నచ్చి ఉంటే, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును, ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి అటక, వైరింగు, నుయ్యి చూపించండి. అప్పుడు ఆ వీడియో ముందు పెట్టి ధర తగ్గించమని అడగండి. పుకారుతో పడిపోయిన విలువకు మీరెందుకు పూర్తి రేటు ఇవ్వాలి? కానీ గడప తొక్కనన్న మనిషిని సెక్షన్లతో ఒప్పించలేం. మా ఇంట్లో నేనూ ప్రయత్నించి చూశాను.

వద్దనుకుంటే అగ్రిమెంటులో ‘కొనుగోలుదారు వెనక్కి తగ్గితే బయానా జప్తు’ అన్న క్లాజు ఉందేమో చూడండి. దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. ఊరికే మనసు మారి తప్పుకుంటే ఆ క్లాజు మీ మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ‘మేం తప్పుకుంటున్నాం’ అని ఫోన్‌లో గానీ వాట్సాప్‌లో గానీ అనొద్దు. ‘మీరు తెలిసి దాచారు, అడిగితే తప్పు చెప్పారు, అందువల్ల ఒప్పందాన్ని రద్దు చేస్తున్నాం, బయానా తిరిగివ్వండి’ అని లాయరు నోటీసు ఇప్పించండి. అన్నదమ్ములందరికీ విడివిడిగా, అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. దావాకు మూడేళ్ల గడువుంది కానీ, కేసు గెలుపు గ్యారంటీ అని చెప్పను. చాలాసార్లు నోటీసు అందాక ఊరి పెద్దల మధ్య కూర్చుని బయానాలో కొంత వదులుకుని తేల్చుకోవడమే లాభం. కోర్టు ఫీజు, వాయిదాలు, రాజమండ్రికి రాకపోకలు లెక్కేసుకోండి.

ఒకవేళ కొంటే, గోడ దూకే కుర్రాళ్ల బెడద మీదవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద ఇంట్లోకి అక్రమంగా చొరబడితే ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. బోర్డు పెట్టండి, గేటుకు కెమెరా బిగించండి.

ఏం చేసినా ఈ ఆరు వారాల్లోపే చేయాలి. గడువు దాటాక ఇచ్చే నోటీసు చూస్తే, డబ్బు సమకూరక దయ్యం సాకు చెప్పారనే అవతలివాళ్లు వాదిస్తారు. బ్యాంకులో మిగతా సొమ్ము సిద్ధంగా ఉన్నట్టు స్టేట్‌మెంట్ కూడా తీసి ఫైల్లో పెట్టుకోండి.