పాత పికప్‌కు ఏ బ్రేక్ ప్యాడ్లు వేయించాలి?

ప్రశ్న: మా పికప్ 2010 మోడల్. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఐసుపెట్టెలు ఎక్కించుకుని శృంగవరపుకోట మీదుగా అరకుకు చేపలు వేస్తాను. వచ్చేటప్పుడు కూరగాయలు తెస్తాను. కిందటి సంక్రాంతికి బండి ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. దసరా రాకముందే ఎడమ చక్రంలో లోపలివైపు ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది. మిగిలిన మూడూ సగం కూడా అరగలేదు. స్పేర్ పార్టుల దుకాణంలో ఒకరు సెరామిక్ వేయమంటున్నారు. మరొకరు చవకవి వేసి ఏడాదికి రెండుసార్లు మార్చుకోమంటున్నారు. ఏవి మంచివో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: మీరు ప్యాడ్ల గురించి అడిగారు కానీ, మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ముందు చూడవలసింది క్యాలిపర్‌ను, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లను అదిమే భాగాన్ని. ప్యాడ్లు నాసిరకానివైతే నాలుగూ ఇంచుమించు ఒకేలా అరిగేవి. ఒక్క చక్రంలో, అదీ లోపలివైపు ప్యాడ్ మాత్రమే అరిగిపోయిందంటే అక్కడ క్యాలిపర్ పట్టేసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇటువంటి బండ్లలో సాధారణంగా ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ లోపలివైపే ఉంటుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుగా లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాక్కొస్తుంది. ఆ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతే బయటి ప్యాడ్ పేరుకు మాత్రమే ఉండి, పనంతా లోపలిదే చేస్తుంది. పిస్టన్ తిరిగి వెనక్కి రాకపోయినా ఇదే జరుగుతుంది. సముద్రపు గాలికి తోడు ఐసుపెట్టెల నుంచి కారే ఉప్పునీరు కూడా తగులుతూ ఉంటే ఆ పిన్నులు బిగుసుకోవడానికి ఎంతో కాలం పట్టదు.

కాబట్టి కొత్త ప్యాడ్లు కొనకముందే పిన్నులు రెండూ ఊడదీయించి చూడండి. మంచి స్థితిలో ఉన్న పిన్ను చేతితో నెడితేనే సాఫీగా జరగాలి. సుత్తితో కొడితే గానీ రాలేదంటే మీ ప్యాడ్ ఎందుకు అరిగిందో తెలిసినట్టే. తుప్పు గుంటలు పడిన పిన్నును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయించకండి, కొత్తది వేయించండి. వాటి రబ్బరు తొడుగులు చిరిగి ఉంటే అవీ మార్పించాలి. ఇక్కడ వేయవలసింది వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు. షెడ్డులో డబ్బాలో కనిపించే మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, ఆపైన పిన్ను మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. ఈ పని చేయించకుండా ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా అవి కూడా అదే దారి పడతాయి.

ఇక ప్యాడ్ల రకం సంగతి. నారలు, రబ్బరు వంటివాటిని రెసిన్ అనే జిగురుతో కలిపి చేసే ఆర్గానిక్ ప్యాడ్లు చవక, శబ్దం తక్కువ, డిస్కును పెద్దగా అరగనివ్వవు. అయితే బాగా వేడెక్కితే వాటిలోని రెసిన్ మాడి పట్టు తగ్గిపోతుంది. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో లోహపు పాలు గణనీయంగా ఉంటుంది కనుక అవి ఎక్కువ వేడికి నిలుస్తాయి. అందుకు బదులుగా కొంచెం శబ్దం చేస్తాయి, డిస్కును కాస్త ఎక్కువగా అరగదీస్తాయి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు బ్రేకులు మందంగా పడతాయి. సెరామిక్‌వి నిశ్శబ్దంగా ఉండి, చక్రాలకు మసి అంటనివ్వవు కనుక నగరంలో తిరిగే కార్లకు అనుకూలం. పెట్టె మీద ఆ మాట కనిపించగానే అన్నిటికంటే మేలైనవని అనుకోవడం మన దుకాణాల్లో ఒక అలవాటైపోయింది. లోడుతో ఘాట్ దిగే బండికి మాత్రం నేను వాటిని సూచించను.

మీ దారిలో బ్రేకుల మీద పడే భారం ఎంతో ఒక్కసారి లెక్క వేద్దాం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బండి, లోడు కలిపి 3 టన్నులు అనుకుని, అనంతగిరి ఘాట్ మీదుగా మైదానానికి 800 మీటర్లు దిగారని తీసుకుంటే, ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి దాదాపు ఆరున్నర యూనిట్ల విద్యుత్తుకు సమానం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న అదే బండిని 50కి పైగా సార్లు పూర్తిగా ఆపడమూ అంతే. రెండో, మూడో గేరులో దిగితే ఇందులో పెద్ద భాగాన్ని ఇంజనే భరిస్తుంది. న్యూట్రల్‌లో వదిలితే దాదాపు అంతా డిస్కుల మీదా డ్రమ్ముల మీదా వేడిగా పడుతుంది. అందుకే మీకు బండి తయారీదారు అమ్మే ఒరిజినల్ ప్యాడ్లు గానీ, పేరున్న కంపెనీ సెమీ మెటాలిక్ ప్యాడ్లు గానీ సరిపోతాయి.

ఘాట్‌లో బ్రేకు పట్టనప్పుడు పెడల్ తీరును గమనించండి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరి ఉండవచ్చు. దీనికి ప్యాడ్లు మార్చి లాభం లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. విశాఖ వంటి తేమ ఊళ్లో రెండేళ్లకొకసారి మార్పించడం అవసరం. మూత మీద ఏ డాట్ సంఖ్య రాసి ఉంటే అదే పోయించండి.

కొనేటప్పుడు పాత ప్యాడ్‌ను వెంట తీసుకెళ్లండి. ఒకే బండిలో సంవత్సరాన్ని బట్టి క్యాలిపర్ మారి ఉండవచ్చు కనుక ఛాసిస్ నంబరు కూడా చెప్పి పార్టు నంబరు సరిచూసుకోండి. రేకు ఆకారం, చెవుల కొలత, మందం మూడూ కలవాలి. కొన్ని ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, జీజీ వంటి జంట అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండోది ఎక్కువ వేడిలో పట్టును తెలుపుతాయి. మీ పనికి ఎఫ్‌ఎఫ్ చాలు. ఎఫ్‌ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గవచ్చని అర్థం కనుక వద్దు. ఈ అక్షరాలు మన్నికను గురించి ఏమీ చెప్పవు.

ఎడమవైపుదే పాడైనా ప్యాడ్లు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. రేకు తగిలిన డిస్కు మీద గాడులు పడి ఉంటాయి. దానిపై చెక్కి ఉన్న కనీస మందం కంటే పలచబడితే లేతు పట్టించడం కాదు, మార్చడమే మార్గం. పాత బ్రేకుల దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటే ఊపిరితిత్తులకు ప్రమాదం. ప్యాడ్లు బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. తర్వాత లోడు లేకుండా, ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 15కి ఓ పదిసార్లు నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపండి. మొదటి ట్రిప్పే అరకుకు వేయకండి.

ప్రశ్న: రాత్రి బీచ్ దగ్గర నిలిపిన బండికి పొద్దున్నే బ్రేకు వేస్తే గరగరమంటోంది. ప్యాడ్లు మార్చాలా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: నాలుగైదు బ్రేకులతో ఆ శబ్దం పోతే అది డిస్కు మీద రాత్రికి రాత్రే పట్టిన పలచని తుప్పు మాత్రమే, మార్చనక్కరలేదు. పోకపోతే చక్రం విప్పించి, ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గిందా, ప్యాడ్‌కూ వెనుక రేకుకూ మధ్య తుప్పు ఉబ్బి సందు ఏర్పడిందా అని చూడండి. సందు కనిపిస్తే మందం ఎంత మిగిలినా సరే, ఆ ప్యాడ్ ఊడిపోయే ప్రమాదం ఉంది కనుక వెంటనే తీయించాలి.