రెండేళ్ల పొదుపు, నాలుగేళ్ల చదువు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి గ్రామం. నా వయసు 27. హైదరాబాదులో ఒక కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో నాలుగేళ్లు పనిచేసి, నెలకు రూ.34,000 చేతికందే ఉద్యోగం వదిలి, ఈ ఏడాది విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సైకాలజీలో చేరాను. క్లినికల్ సైకాలజిస్టును కావాలని నా కోరిక. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో రూ.2,40,000, సేవింగ్స్ ఖాతాలో రూ.1,20,000, పీఎఫ్‌లో రూ.1,40,000 ఉన్నాయి. ఫీజు ఏడాదికి రూ.40,000, హాస్టలు, మెస్సు కలిపి నెలకు రూ.7,000, ఇతర ఖర్చులు నెలకు రూ.4,000. రెండేళ్లకు రూ.3,44,000 అవుతుంది కనుక బ్యాంకులోని డబ్బు సరిపోతుందనుకున్నాను. అయితే రెండు లక్షల చీటీలో నెలకు రూ.5,000 చొప్పున ఇంకా 18 నెలలు కట్టాలి. మూడేళ్ల కిందట తీసుకున్న ఎండోమెంట్ పాలసీకి ఏడాదికి రూ.24,000 ప్రీమియం ఉంది. ఇంటికి నెలకు రూ.8,000 పంపేదాన్ని. నాన్నకు ఎకరం కొబ్బరి తోట, రెండెకరాల కౌలు వరి ఉన్నాయి. తమ్ముడి ఇంజనీరింగ్ కోసం ఆయన రూ.1,50,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అమ్మ దగ్గర ఐదు కాసుల బంగారం ఉంది కానీ అది నా పెళ్లికని దాచింది. ఒకటో తారీఖున జీతం పడకపోయేసరికి టీ తాగాలన్నా తప్పు చేస్తున్నట్టే అనిపిస్తోంది. పొదుపు ఉండగా విద్యారుణం ఎందుకని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కూడికలో తప్పేమీ లేదు. తప్పు గడువులో ఉంది. మీరు రెండేళ్లకు లెక్క వేశారు. మీరు ఎంచుకున్న వృత్తి నాలుగేళ్లు, బహుశా ఐదేళ్లు అడుగుతుంది. ఎమ్మెస్సీ పూర్తయినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అందుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన అర్హత ఉండాలి. ఇంతకాలం ఆ అర్హత ప్రధానంగా రెండేళ్ల ఎం.ఫిల్ ద్వారా వచ్చేది. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్ పట్టాలను ఆపివేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మీరు ఎమ్మెస్సీ ముగించేనాటికి ఆ కోర్సు పేరూ రూపమూ మారి ఉండవచ్చు గానీ, ఎమ్మెస్సీ తరువాత మరికొంత చదువు, దానికి ముందు ఒక ప్రవేశపరీక్ష, అందులో తొలిసారి సీటు రాకపోతే ఒక ఏడాది నిరీక్షణ అనేవి మీ లెక్కలో తప్పక ఉండాలి. ఈ రంగంలో సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ.

మీ పొదుపు ఉన్నది ఆ నిరీక్షణ కాలం కోసమే. చదువుకు అప్పిచ్చే బ్యాంకులు ఉన్నాయి. పరీక్షకు తయారవుతూ ఇంట్లో కూర్చున్న ఏడాదికి అప్పిచ్చే బ్యాంకు లేదు. బ్యాంకు ఇచ్చే చోట బ్యాంకు డబ్బు వాడి, ఇవ్వని చోటికి సొంత డబ్బు మిగుల్చుకోవాలి. నాన్నగారి ప్రశ్నకు నా సమాధానం ఇదే. అప్పు అనగానే ఆయన భయపడటంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఆయనకు తెలిసిన అప్పు రెండు రూపాయల వడ్డీది. విద్యారుణాన్ని ఆ కోవలో చూడవలసిన పనిలేదు.

ముందుగా మీరు వదిలేసిన అంకెలను కలుపుదాం. చీటీకి రూ.90,000, రెండు ప్రీమియంలకు రూ.48,000, ఇంటికి ఎప్పటిలాగే పంపితే రూ.1,92,000. వీటిని రూ.3,44,000కు కలిపితే రూ.6,74,000 అవుతుంది. బ్యాంకులో ఉన్నది రూ.3,60,000. అంటే రెండో ఏడాది మొదట్లోనే చేతులెత్తేయవలసి వస్తుంది. టీ తాగినా తప్పనిపించడం వెనుక ఈ రాయని అంకెలే ఉన్నాయని నా అనుమానం. ఎంత వాడుకోవచ్చో తెలియనివారికే ప్రతి రూపాయీ భారంగా తోస్తుంది.

మీ ఇంట్లో అన్నిటికంటే ముందు ఆపవలసింది నాన్నగారి అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు ఏటా రూ.36,000 వడ్డీకే పోతోంది, మీ రూ.2,40,000 డిపాజిట్ ఏడాదంతా తెచ్చే వడ్డీకి అది రెట్టింపు పైమాటే. అమ్మగారి బంగారంలో సగం లేదా అంతకంటే కొంచెం ఎక్కువ బ్యాంకులో పెడితే, నేటి ధరల్లో లక్షన్నర రుణం వస్తుంది. వడ్డీ 10 శాతం అనుకున్నా ఏడాదికి రూ.15,000. కుటుంబానికి ఏటా రూ.21,000 మిగులుతుంది. బంగారం అమ్మడం లేదనీ, వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టడమూ కాదనీ, అసలు తీర్చగానే అవే నగలు తిరిగి వస్తాయనీ అమ్మగారికి మీరే వివరించండి. పెళ్లికి దాచిన సొత్తు కనుక ఆమె ఒప్పుకోకపోవచ్చు, బలవంతం చేయవద్దు. అప్పుడు మీ డిపాజిట్ నుంచే రూ.1,50,000 తీసి ఆ అప్పు కొట్టివేయండి. మీ నిల్వ తగ్గినా 24 శాతం వడ్డీ ఆగిపోవడం మంచిదే. నేనైతే ముందు బంగారం వైపే మొగ్గుతాను. బంగారు రుణానికి వడ్డీ సకాలంలో కట్టకపోతే వేలం నోటీసు వస్తుంది కనుక ఆ బాధ్యత మీరే తీసుకోవాలి.

ఇంటికి పంపే రూ.8,000ను రూ.3,000కు తగ్గించండి. అందులో రూ.1,250 నేరుగా బంగారు రుణ ఖాతాలో జమ చేసి, రూ.1,750 నాన్నగారికి పంపండి. ఇంతవరకు మీరు పంపిన రూ.8,000లో రూ.3,000 వడ్డీకే పోయి ఇంటికి రూ.5,000 మిగిలేది. ఇప్పుడు వడ్డీ బెడద లేకుండా రూ.1,750 అందుతుంది. కొరత నెలకు రూ.3,250. దానిని కొబ్బరి దింపు డబ్బుతోనూ, తమ్ముడు తన మిగిలిన చదువుకు తన పేరిట విద్యారుణం తీసుకోవడంతోనూ పూడ్చుకోవచ్చు. నాన్నగారికి సొంత ఎకరం ఉంది కాబట్టి కిసాన్ క్రెడిట్ కార్డు ఉందేమో కనుక్కోండి. పంట రుణం గడువులోగా తీర్చేవారికి మూడు లక్షల వరకు నికరంగా 4 శాతమే వడ్డీ పడుతుంది. దానిని సేద్యానికే వాడాలి. పెట్టుబడికి ఆ డబ్బు ఉంటే ఆయన బయటి అప్పు జోలికి మళ్లీ వెళ్లవలసిన పనిపడదు. ఈ కొత్త ఏర్పాటును మీరు ఫోనులో నెలనెలా తగ్గించి పంపుతూ తెలియజేయకూడదు. ఒకసారి ఇంటికి వెళ్లి, కాగితం మీద లెక్క రాసి చూపి, అందరి ముందూ చెప్పండి.

ఇక విద్యారుణం. ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి రూ.1,24,000, రెండేళ్లకు రూ.2,48,000. అంత మేరకే తీసుకోండి. నాలుగు లక్షల లోపు రుణానికి ఆస్తి తాకట్టు గానీ, సొంత వాటా గానీ బ్యాంకులు అడగకూడదు. నాన్నగారు సహరుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు, ఆ కాలానికి బారు వడ్డీ మాత్రమే లెక్కిస్తారు. 10 శాతం చొప్పున మూడేళ్ల చివరికి అసలుకు సుమారు రూ.62,000 చేరి రూ.3,10,000 అవుతుంది. దానిని ఏడేళ్లలో తీరిస్తే నెలసరి వాయిదా రూ.5,150 చుట్టూ ఉంటుంది. మీరు వదిలిన ఉద్యోగపు జీతంలో అది ఆరో వంతు కూడా కాదు. పై చదువుకు మళ్లీ రుణం తీసుకుంటే తొలి వాయిదాలనూ వెనక్కి జరుపుతారా అన్నది మంజూరుకు ముందే రాతపూర్వకంగా అడగండి. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవారికి, నిర్దేశిత విద్యాసంస్థలలో చేరితే, పీఎం విద్యాలక్ష్మి పథకం కింద వాయిదాలు మొదలయ్యేవరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇతర ప్రభుత్వ ఉపకారవేతనం పొందేవారికి అది వర్తించదు కనుక, ఏది లాభమో చూసుకుని దరఖాస్తు చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందన్న మాట మీద ఆధారపడి మాత్రం లెక్క వేయవద్దు. ఖాతాలో పడినప్పుడు రుణంలో జమ చేయవచ్చు.

చీటీ ఆపాలా అన్నది అది ఎలాంటి చీటీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. రిజిస్టరైన సంస్థదైతే చివరి వరకు పాడకుండా కొనసాగించండి. ఫోర్‌మన్, అంటే చీటీ నడిపే సంస్థ, కమీషన్‌గా చట్టం అనుమతించిన 7 శాతం తీసివేసినా ఆఖరున రూ.1,86,000 వస్తుంది, అదీ మీ ఎమ్మెస్సీ ముగియవచ్చే సమయానికి. ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీ అయితే ఈ సలహా చెల్లదు. రాబోయే పాటల్లోనే, కొంత నష్టానికైనా, పాడుకుని డబ్బు చేతికి తెచ్చుకుని ఆ మొత్తాన్ని డిపాజిట్ చేయండి. మిగిలిన వాయిదాలు దాని నుంచే కట్టవచ్చు.

ఎండోమెంట్ పాలసీకి ఇక ప్రీమియం కట్టవద్దు. మూడేళ్లు కట్టారు కనుక దానిని పెయిడప్‌గా, అంటే ఇక ప్రీమియం లేకుండా తగ్గిన బీమా మొత్తంతో కొనసాగేలా, మార్చమని రాసివ్వండి. ఏజెంటు మీ బంధువై ఉంటే కాసేపు ఇబ్బందే.

దాని బదులు మీరు గమనించని ఒక ఖర్చు పెట్టాలి. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయింది. వ్యక్తిగత పాలసీకి ఏడాదికి రూ.8,000 కేటాయించండి. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు. కుటుంబం ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో ఉంటే అందులో మీ పేరు ఉన్నదీ లేనిదీ సరిచూసుకోండి.

ఇప్పుడు మీ చేతి నుంచి రెండేళ్లలో వెళ్లేది ఇది: సొంత ఖర్చులకు రూ.96,000, చీటీకి రూ.90,000, ఇంటికి రూ.72,000, ఆరోగ్య బీమాకు రూ.16,000, మొత్తం రూ.2,74,000. బ్యాంకులో రూ.86,000 మిగులుతుంది. చీటీ డబ్బు, పీఎఫ్ కలిపితే ఎమ్మెస్సీ చివరిరోజున మీ దగ్గర నాలుగు లక్షల పైచిలుకు ఉంటుంది. బంగారానికి బదులు డిపాజిట్‌తో అప్పు తీర్చితే అది మూడు లక్షల లోపుకు తగ్గుతుంది. పీఎఫ్‌ను అప్పటివరకు ముట్టుకోవద్దు, 2024-25కు 8.25 శాతం వడ్డీ వచ్చిన ఖాతా అది, పైగా ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీసిన మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది.

ఒకటో తారీఖు వెలితి గురించి. నెలజీతానికి అలవాటు పడిన మీరు ఒకేసారి చేతిలో ఉన్న మొత్తాన్ని చూసి బెదురుతున్నారు గానీ, మీరు పెరిగిన ఇల్లు ఎప్పుడూ నెలజీతం ఎరగదు. సార్వా ధాన్యం డబ్బు దాళ్వా కోతల దాకా, ఒక దింపు డబ్బు మరో దింపు దాకా నడవాలి. అమ్మగారు ఆ డబ్బును విడివిడిగా దాచి సంసారం నడిపి ఉంటారు. మీరూ అలాగే చేయండి. డిపాజిట్‌ను రూ.80,000 చొప్పున మూడుగా విడగొట్టి తొమ్మిది, పదిహేను, ఇరవై ఒక్క నెలల గడువులకు వేయండి. సేవింగ్స్ ఖాతా నుంచి ప్రతి ఒకటో తారీఖున రూ.12,000 వేరే ఖాతాలోకి దానంతట అదే బదిలీ అయ్యేలా ఏర్పాటు చేసుకోండి. చీటీ, ఇల్లు పోను మిగిలే రూ.4,000 పూర్తిగా మీది. దానిలోంచి టీ తాగినా, సినిమా చూసినా ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు.

ఆ రూ.4,000ను కొల్లగొట్టేవి పుస్తకాలు కావు. హైదరాబాదు స్నేహితుల పుట్టినరోజు విందులు, మాఘమాసపు పెళ్లిళ్లు, సంక్రాంతికి రద్దీ ధరల బస్సు టిక్కెట్లు. ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ మీరు విడిగా చదివింపులు ఇచ్చి ఉంటారు. ఇకపై నాన్నగారి పేరిట ఇంటి పద్దులోనే ఒకటిగా రాయించండి. మీ తరగతిలోని 21 ఏళ్ల పిల్లలు తక్కువ ఖర్చుతో బతకడం మీకంటే బాగా తెలిసినవారు. వారితో మెస్సులో తినడం చిన్నతనమేమీ కాదు.

దూరవిద్యలో చదివి ఉద్యోగం ఉంచుకోవలసిందని చెప్పే బంధువులు ఉంటారు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పడాన్ని యూజీసీ నిలిపివేసిందని వారికి చెప్పండి. సంపాదన కావాలంటే వారాంతాల్లో మీకు వచ్చిన హెచ్‌ఆర్ పనే ఒప్పుకోండి. డబ్బు తీసుకుని కౌన్సెలింగ్ చేయడం మాత్రం అర్హత వచ్చేదాకా వద్దు.

మరో దారి కూడా తెరిచి ఉంచుకోండి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయవచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద రూ.42,000, అదనంగా ఇంటి అద్దె భత్యం ఉంటాయి. మహిళలకు 30 ఏళ్ల వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉంది కనుక మీకు తగినంత సమయం ఉంది. క్లినికల్ కోర్సుకే వెళ్తే, కొన్ని ప్రభుత్వ సంస్థలు శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది. ఎక్కడ చేరినా, మొదటి రూపాయి కట్టేముందు ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. గుర్తింపు లేని కోర్సుకు కట్టిన ఫీజును ఏ ప్రణాళికా తిరిగి రాబట్టలేదు.

రుణానికి విశాఖలో కంటే నాన్నగారి ఖాతా ఉన్న అమలాపురం వైపు శాఖలో అడగడం సులువు. ప్రవేశపత్రం, ఫీజుతో పాటు హాస్టలు, మెస్సు ఖర్చులు చూపుతూ విశ్వవిద్యాలయం ఇచ్చే అంచనా పత్రం, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్, పాన్ సిద్ధం చేసుకుని విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసి, దాని ప్రతితో శాఖకు వెళ్లండి. రుణంతో పాటు బీమా పాలసీ కూడా తీసుకోవాలని అక్కడ ఎవరైనా అంటే అది తప్పనిసరి కాదు, వద్దని చెప్పవచ్చు. రెండో సెమిస్టరు ఫీజు గడువుకు రెండు నెలల ముందైనా ఈ పని మొదలుపెట్టండి.