గోదావరిలో ప్లాంక్టన్ సర్వే ఉద్యోగం: అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. పోలవరం డ్యామ్ పనులు జరిగే చోట గోదావరిలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవులు), నది అడుగున బతికే జీవుల సర్వేకి ఏడాది కాంట్రాక్టు మీద ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా రమ్మన్నారు. మేమేమో బీఈడీ చేయిద్దామనుకుంటున్నాం. పడవల మీద పని అంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: పంపండి. అయితే సంతకం పెట్టే ముందు అమ్మాయి చేత ఒక మాట అడిగించండి: తెచ్చిన శాంపిళ్లను మైక్రోస్కోప్ కింద పెట్టి, ఏది ఏ జీవో తేల్చేది ఎవరు? ‘అది ల్యాబ్‌లో వేరేవాళ్లు చూసుకుంటారు, మీరు సీసాలు నింపి పంపితే చాలు’ అంటే మాత్రం వద్దు. ఏడాది తిరిగాక చేతికి అనుభవ ధ్రువపత్రం వస్తుందేమో గానీ పని రాదు.

ఈ రంగంలో విలువంతా జీవిని గుర్తుపట్టడంలోనే ఉంది. యాభై లీటర్ల నీళ్లు సన్నటి వలలో వడగట్టి, లుగాల్ అయోడిన్ చుక్కలు వేసి భద్రపరచడం వారంలో వచ్చేస్తుంది. ఒక మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గాజు పలకలో ఇది డయాటమ్ (ఒక రకం నాచు), ఇది రోటిఫర్ (సూక్ష్మ జంతువు) అని తడుముకోకుండా చెప్పడానికి నెలలు పడుతుంది. అడుగు జీవులు ఇంకా కష్టం. గ్రాబ్‌తో (అడుగు బురదను పట్టి తీసే పరికరం) తీసిన బురదను జల్లెడ పట్టి, మిగిలిన పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే మానేస్తారు.

పోలవరం నేర్చుకోవడానికి మంచి చోటు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే (డ్యామ్‌లో నీరు వదిలే గేట్ల భాగం) మీదుగా మళ్లించారు. పారే నది నిలవ నీరుగా మారినచోట పారే నీటి కీటకాలైన మేఫ్లై, క్యాడిస్‌ఫ్లైల లార్వాలు తగ్గి, బురదలో బతికే కైరోనామిడ్ ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ అనే సన్నటి పురుగులు పెరుగుతాయి. నీటి పరీక్ష ఆ రోజు సంగతే చెబుతుంది. అడుగు జీవులు ఎక్కడికీ పోలేవు కాబట్టి గడిచిన నెలల సంగతీ చెబుతాయి. అందుకే ఎగువన, దిగువన అవే చోట్ల ప్రతి సీజన్‌లోనూ శాంపిల్ తీయాలి. మూడు సీజన్లూ తనే చేస్తుందో లేదో కూడా కనుక్కోండి.

పాత రిపోర్టులోని జీవుల జాబితాను కొత్తదాంట్లో అతికించేవాళ్లు ఈ రంగంలో ఉన్నారు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇస్తే ప్రాజెక్టు పర్యావరణ అనుమతే రద్దు కావచ్చు. ఫీల్డ్ నోట్స్, ఫొటోలు రోజూ తేదీతో రాసి పెట్టుకోమనండి.

జీతం మొదట్లో పెద్దగా ఉండదు. పని చేతికొచ్చాక దారులున్నాయి. ఈఐఏ కన్సల్టెన్సీలకు నాబెట్ అనే సంస్థ గుర్తింపు కావాలి, దానికోసం ఎకాలజీ, బయోడైవర్సిటీ నిపుణులు కావాలి. పరిశోధన అంటే ఇష్టముంటే హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం, బ్యారక్‌పూర్‌లో సిఫ్రి (నదులు, చెరువుల చేపల పరిశోధన సంస్థ) ఉన్నాయి. ఈ ఏడాదే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షకి చదవడం మొదలుపెడితే పీహెచ్‌డీ దారి సులువవుతుంది.

ఇక పడవ సంగతి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూశాక మీకు భయం వేయడంలో తప్పులేదు. లైఫ్ జాకెట్, అనుభవమున్న సరంగు, వరద ఉన్నప్పుడు పడవ దించకపోవడం, ఫీల్డ్‌లో తనకు తోడుగా ఇంకొకరు... ఈ నాలుగూ కంపెనీ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడితే చేర్చకండి. బీఈడీ వచ్చే ఏడాదైనా చేయొచ్చు.