నెట్‌వర్క్ సందేహాలు: ఫైబర్ తెగినా బ్యాకప్ లైనుకు మారని రూటర్

ప్రశ్న: మాది గుంటూరు శివార్లలో మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ. ఆఫీసులో ఒక సిస్కో రూటర్ ఉంది. దానికి ఒకవైపు ఫైబర్ కనెక్షన్, మరోవైపు 4జీ సిమ్ వేసిన చిన్న రూటర్ కలిపి ఉన్నాయి. ఫైబర్ గేట్‌వే 203.0.113.1, 4జీ గేట్‌వే 192.168.8.1 అనుకోండి. రెండింటికీ డిఫాల్ట్ రూట్లు (వేరే దారి రాసి లేని ప్యాకెట్లన్నీ వెళ్లే దారులు) రాసి, 4జీ రూట్ చివర 200 అనే అంకె చేర్చాను. ఫైబర్ వైపు కేబుల్ ఊడదీస్తే వెంటనే 4జీకి మారుతోంది. కానీ రోడ్డు పనుల్లో ఫైబర్ తెగిన రోజున మాత్రం మారలేదు. గుమస్తా వెళ్లి రూటర్ నుంచి కేబుల్ పీకేదాకా బిల్లింగ్ ఆగిపోయింది. పైగా ‘షో ఐపీ రూట్’ కొడితే రెండో రూట్ అసలు కనిపించదు. నేను రాసిన పద్ధతి తప్పా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు రాసిన రెండు రూట్లలో తప్పేమీ లేదు, వాటికి తోడుగా ఉండవలసిన మూడో భాగం లేకపోవడమే లోపం. సిస్కో రూటర్‌లో ప్రతి రూట్‌కూ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అనే అంకె ఒకటి ఉంటుంది. ఒకే గమ్యానికి రెండు రూట్లు పోటీపడినప్పుడు ఆ అంకె తక్కువగా ఉన్నదే టేబుల్‌లోకి వస్తుంది. మీరేమీ రాయకపోతే స్టాటిక్ రూట్‌కు, అంటే చేత్తో రాసిన దారికి, 1 పడుతుంది కనుక, 200 పెట్టిన 4జీ రూట్ కాన్ఫిగ్‌లో (రాసి ఉంచిన అమరికల్లో) మాత్రమే ఉండి, మొదటిది తొలగినప్పుడే పైకి వస్తుంది. ఫ్లోటింగ్ స్టాటిక్ రూట్ అనేది దీన్నే. అందుకే ‘షో ఐపీ రూట్’లో అది కనిపించకపోవడం సహజం. అందులో డిఫాల్ట్ రూట్ పక్కన చదరపు కుండలీకరణాల్లో [1/0] అని ఉంటే మీరు ఫైబర్ మీద ఉన్నారు, [200/0] అని ఉంటే 4జీ మీద ఉన్నారు. రెండో రూట్ రాసి ఉందో లేదో చూడాలంటే రన్నింగ్ కాన్ఫిగ్‌లో చూడాలి.

అసలు చిక్కు మొదటి రూట్ ఎప్పుడు తొలగుతుందన్న దగ్గర ఉంది. ఆ గేట్‌వేకు చేర్చే ఇంటర్‌ఫేస్ డౌన్ అయితేనే రూటర్ ఆ రూట్‌ను తీసేస్తుంది. మీ రూటర్‌లోని కేబుల్ నేరుగా రోడ్డు మీది ఫైబర్‌కు వెళ్లదు. గోడకు తగిలించిన ఓఎన్‌యూ పెట్టెకు (ఫైబర్‌లోని కాంతిని మామూలు కేబుల్ సంకేతంగా మార్చేది) వెళుతుంది. ఫైబర్ తెగినప్పుడు ఆ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా మెరుస్తుంది, కానీ పెట్టెకు కరెంటు ఉన్నంతసేపూ రూటర్ పోర్టు పక్కన ఆకుపచ్చ దీపం యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది. రూటర్‌కు తెలిసేది ఆ పోర్టు సంగతి ఒక్కటే కనుక, లైను బాగానే ఉందనుకుని ప్యాకెట్లన్నిటినీ తెగిన ఫైబర్ వైపే పంపిస్తుంది. కేబుల్ ఊడదీసి చేసిన పరీక్ష మీకు తప్పుడు ధీమా ఇచ్చింది. ఇలాంటి ఏర్పాటును పరీక్షించాలంటే ఊడదీయవలసింది ఓఎన్‌యూ వెనక ఉన్న ఫైబర్ కనెక్టర్‌ను, రూటర్‌లోని కేబుల్‌ను కాదు. తీసిన కనెక్టర్ మొనను వేలితో తాకకుండా, కంటికి ఎదురుగా పెట్టుకోకుండా మూత పెట్టి ఉంచండి.

కాబట్టి లైను అవతలి కొస దాకా పనిచేస్తోందో లేదో రూటరే అదేపనిగా అడిగి తెలుసుకోవాలి. సిస్కోలో దీనికి ఐపీ ఎస్‌ఎల్‌ఏ, ట్రాక్ అనే రెండు సదుపాయాలు ఉన్నాయి. మొదటిది పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్) పంపి చూస్తుంది, రెండోది ఆ ఫలితాన్ని రూట్‌కు ముడిపెడుతుంది. కింది ఆదేశాలను పత్రిక కోసం తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం; రూటర్‌లో ఇంగ్లీషులోనే టైపు చేయాలి.

ఐపీ ఎస్‌ఎల్‌ఏ 1
ఐసీఎంపీ-ఎకో 8.8.4.4 సోర్స్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్0/0
ఫ్రీక్వెన్సీ 10
ఐపీ ఎస్‌ఎల్‌ఏ షెడ్యూల్ 1 లైఫ్ ఫరెవర్ స్టార్ట్-టైమ్ నౌ
ట్రాక్ 1 ఐపీ ఎస్‌ఎల్‌ఏ 1 రీచబిలిటీ
డిలే డౌన్ 30 అప్ 60
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 203.0.113.1 ట్రాక్ 1
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 192.168.8.1 200
ఐపీ రూట్ 8.8.4.4 255.255.255.255 గిగాబిట్‌ఈథర్‌నెట్0/0 203.0.113.1
ఐపీ రూట్ 8.8.4.4 255.255.255.255 నల్0 250

దీని ప్రకారం రూటర్ పది సెకన్లకొకసారి గూగుల్ డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే) సర్వర్ 8.8.4.4కు పింగ్ పంపుతుంది. జవాబు రాకపోతే మరో 30 సెకన్లు ఆగి ఫైబర్ రూట్‌ను తీసేస్తుంది, అప్పుడు 200 రూట్ పైకి వస్తుంది. ఫ్రీక్వెన్సీ రాయకపోతే 60 సెకన్లకొకసారి మాత్రమే పింగ్ వెళుతుంది. షెడ్యూల్ వరుస మరిచిపోతే పింగ్ అసలు మొదలే కాదు, ట్రాక్ డౌన్‌లోనే ఉండిపోతుంది, ఆఫీసు మొత్తం తొలిరోజు నుంచే 4జీ మీద నడిచి సిమ్ డేటా ఖర్చవుతుంది. ‘డిలే అప్ 60’ను అనవసరమనుకుని తీసేయకండి, ఫైబర్ అతికించే పనివారు ఒకటికి రెండుసార్లు కలిపి విప్పి చూస్తుంటారు, అది లేకపోతే మీ రూటర్ కూడా వారితోపాటు అటూ ఇటూ గంతులేస్తుంది.

చివరి రెండు వరుసలు ఎందుకో వివరించాలి, ఎందుకంటే చాలామంది వదిలేసేవి ఇవే. 8.8.4.4కు ప్రత్యేకంగా ఫైబర్ దారి రాయకపోతే, 4జీకి మారిన వెంటనే పింగ్ కూడా 4జీ గుండానే వెళ్లి విజయవంతమయ్యే వీలుంది. అలా జవాబు వస్తే ఫైబర్ బాగైపోయిందని రూటర్ భ్రమపడి వెనక్కి మారుతుంది, మళ్లీ పింగ్ పోతుంది, మళ్లీ 4జీకి వస్తుంది. ఇలా నిమిషాల తేడాతో ఊగిసలాడే రూటర్ కంటే పూర్తిగా ఆగిపోయిన రూటర్ నయం, కనీసం దాని జబ్బు ఏమిటో తెలుస్తుంది. ప్రత్యేక రూట్ ఉన్నా, కేబుల్ నిజంగానే ఊడినప్పుడు అది కూడా టేబుల్ నుంచి పోతుంది, అప్పుడు పింగ్ మళ్లీ డిఫాల్ట్ రూట్ పట్టుకుని 4జీ వైపు వెళుతుంది. నల్0 రూట్ ఆ ఒక్క సందర్భంలో పింగ్‌ను అక్కడికక్కడే పారేయడానికి ఉంది.

దీనివల్ల వచ్చే ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. మీరు పింగ్‌కు ఎంచుకున్న చిరునామా 4జీ మీద ఉన్నంతసేపూ ఆఫీసులో ఎవరికీ అందదు. అందువల్ల కంప్యూటర్లలో డీఎన్‌ఎస్‌గా రాసిన చిరునామాను దీనికి వాడకండి. గేట్‌వే 203.0.113.1నే పింగ్ చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఫైబర్ తెగితే అది పట్టిస్తుంది. కానీ సర్వీసు ప్రొవైడర్ ఎక్స్చేంజికి ఆవల చెడితే గేట్‌వే మాత్రం చక్కగా జవాబిస్తూనే ఉంటుంది. ఇంకా జాగ్రత్త కావాలంటే రెండు వేర్వేరు చిరునామాలను పింగ్ చేసి, రెండూ పోతేనే మారేలా ‘ట్రాక్ లిస్ట్ బూలియన్ ఆర్’ వాడవచ్చు.

రెండు విషయాలు క్లుప్తంగా. ఫైబర్ వైపు చిరునామా డీహెచ్‌సీపీ ద్వారా (ప్రొవైడరే తనంతట ఇచ్చే పద్ధతిలో) వస్తుంటే, ఆ డిఫాల్ట్ రూట్‌కు సిస్కో 254 అంకె వేస్తుంది కాబట్టి మీ 200 రూట్ దాన్ని ఓడించి 4జీనే ఎప్పుడూ ముందుంటుంది. ఇక న్యాట్ నియమం (ఆఫీసులోని చిరునామాలను బయటి చిరునామాగా మార్చేది) ఫైబర్ ఇంటర్‌ఫేస్‌కు మాత్రమే రాసి ఉంటే రూట్ మారినా బ్రౌజింగ్ రాదు. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు రూట్-మ్యాప్ అనే షరతుల జాబితాతో విడివిడిగా నియమం ఉండాలి.

ప్రశ్న: కరీంనగర్ బ్రాంచి నుంచి హైదరాబాద్ హెడ్డాఫీసుకు లీజు లైను, దానికి బ్యాకప్‌గా ఇంటర్నెట్ మీద వీపీఎన్ టన్నెల్ ఉన్నాయి. రెండుచోట్లా మైక్రోటిక్ రూటర్లే. బ్రాంచిలో టన్నెల్ రూట్‌కు డిస్టెన్స్ 10 పెట్టి, లీజు లైను రూట్‌కు గేట్‌వే పింగ్ తనిఖీ పెట్టాను. లైను పోయినప్పుడు బ్రాంచి రూటర్ టన్నెల్‌కు మారినట్టే చూపిస్తుంది, కానీ సర్వర్ నుంచి జవాబు రాదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ ప్యాకెట్లు హైదరాబాద్ చేరుతున్నాయి, తిరుగు ప్రయాణంలో పోతున్నాయి. స్టాటిక్ రూటింగ్‌లో ఒక రూటర్ మార్చుకున్న నిర్ణయం రెండో రూటర్‌కు తెలియదు. ఆ కబురు మోసేందుకు మధ్యలో ఏ ప్రోటోకాలూ లేదు. మీ ఉత్తరంలో హెడ్డాఫీసు రూటర్ ప్రసక్తి లేదు కాబట్టి, అక్కడ కరీంనగర్ నెట్‌వర్క్‌కు లీజు లైను రూట్ ఒక్కటే ఉందని, దానికి తనిఖీ లేదని అనుకుంటున్నాను. అక్కడ కూడా అదే జత రాయాలి: లీజు లైను మీదుగా డిస్టెన్స్ 1తో, చెక్-గేట్‌వే పింగ్‌తో ఒక రూట్, టన్నెల్ మీదుగా డిస్టెన్స్ 10తో మరొకటి. మైక్రోటిక్ పది సెకన్లకొకసారి గేట్‌వేను అడుగుతుంది, రెండుసార్లు జవాబు రాకపోతే ఆ రూట్‌ను పక్కన పెడుతుంది. రెండు కొసలూ ఒకే క్షణంలో మారవు కనుక, మధ్యలో కొన్ని సెకన్లపాటు రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఉంటుంది. ఆ సమయంలో ఫైర్‌వాల్‌లో ఆనవాలు తెలియని ప్యాకెట్లను పారేసే ‘ఇన్‌వాలిడ్ డ్రాప్’ నియమం కొన్ని కనెక్షన్లను తెంచవచ్చు. బిల్లింగ్ ప్రోగ్రాములోకి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది.

బ్రాంచీలు రెండు మూడుకు మించితే ఈ స్టాటిక్ జతల లెక్క చేయి దాటిపోతుంది. అప్పుడు లీజు లైను మీద, టన్నెల్ మీద ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారుల సంగతి తమలో తాము చెప్పుకునే ప్రోటోకాల్) నడిపి, టన్నెల్‌కు కాస్ట్ (తక్కువ ఉన్న దారినే ఎంచుకునే అంకె) పెంచడమే నా సలహా.

ప్రశ్న: మాకు డిఫాల్ట్ రూట్ ఓఎస్‌పీఎఫ్ ద్వారా వస్తుంది. బ్యాకప్‌గా సిస్కోలోనూ జునిపర్‌లోనూ 115 అంకెతో స్టాటిక్ డిఫాల్ట్ రూట్ రాశాం. సిస్కోలో అనుకున్నట్టే ఉంది, జునిపర్‌లో మాత్రం స్టాటిక్ రూటే ఎప్పుడూ పైన ఉంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు కంపెనీల అంకెల పట్టికలు వేరు. సిస్కోలో ఓఎస్‌పీఎఫ్ రూట్ ఏ రకానిదైనా 110 కాబట్టి 115 దానికి వెనకే ఉంటుంది. జునిపర్‌లో ప్రిఫరెన్స్ అనే అంకె స్టాటిక్‌కు 5, ఓఎస్‌పీఎఫ్ అంతర్గత రూట్లకు 10, బయటి నుంచి తెచ్చి ప్రవేశపెట్టిన ఎక్స్‌టర్నల్ రూట్లకు 150. మీ డిఫాల్ట్ రూట్ ఎక్స్‌టర్నల్‌గా వస్తున్నదై ఉంటుంది, అందుకే 115 దాన్ని ఓడిస్తోంది. జునిపర్‌లో ప్రిఫరెన్స్ 200 పెట్టండి. అక్కడ 170 ఉండే బీజీపీ (అలాంటిదే మరో ప్రోటోకాల్) రూట్లకు కూడా అది వెనకే ఉంటుంది. అయితే ఈ అంకెలు ఒకే గమ్యం, ఒకే మాస్క్ (చిరునామాల పరిధి ఎంతో చెప్పే అంకె) ఉన్న రూట్ల మధ్యనే పనిచేస్తాయి. ఎవరైనా అదే రూటర్‌లో 10.0.0.0/8 వంటి నిర్దిష్టమైన స్టాటిక్ రూట్ రాసి ఉంటే, దానికి 250 పెట్టినా ఆ చిరునామాల విషయంలో డిఫాల్ట్ రూట్ కంటే అదే ముందుంటుంది.