నాచులో చిక్కుకోని ఫ్లైకి ఏ హుక్ తీసుకోవాలి?

మీ సమస్య నాకు అర్థమైంది. బాస్ చేపల కోసం మోనో గార్డ్ (నాచు పట్టకుండా హుక్ మొన ముందు కట్టే నైలాన్ తీగ) పెట్టి ఫ్లైలు (హుక్‌కు వెంట్రుకలు చుట్టి చేసే ఎరలు) కట్టారు, నాచులో చిక్కుకోవడం తగ్గింది, కానీ చేప నోట పెట్టుకుని కూడా వదిలేస్తోంది, హుక్ మార్చాలా అని అడిగారు. మార్చాలి. టెక్సస్‌లో నేనూ ఒక వేసవంతా ఇదే బాధ పడ్డాను.

మొదట్లో నేను కట్టినవన్నీ నాలుగో నంబరు పొడుగు కాడ హుక్‌ల మీదే. ట్రౌట్ చేపల స్ట్రీమర్ల (చిన్న చేపలా కనిపించే ఫ్లైల) కోసం కొన్నవి ఇంట్లో ఉన్నాయి కదా అని వాటికే జింక వెంట్రుకలు దండిగా కట్టి, 30 పౌండ్ల బరువు ఆపే మోనోను ఉచ్చులా వంచి లూప్ గార్డ్ పెట్టాను. లేక్ ఫోర్క్‌లో లిల్లీ ఆకుల అంచున ఒకే పొద్దున నాలుగు చేపలు అందుకుని వదిలేశాయి. ఇంటికొచ్చి ఆ ఫ్లైని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, చేప నోరు మూసినట్టు నొక్కి చూశాను. మొన వేలికి తగల్లేదు! మోనో బిరుసుగా వేలిని ఆపేస్తోంది. అది వంగినా, కాడ నుంచి దాదాపు మొన దాకా వెంట్రుకలే నిండి ఉన్నాయి.

కాబట్టి నంబరు కంటే ముందు కాడకూ మొనకూ మధ్య జాగా, అదే గ్యాప్, చూడండి. వెంట్రుకలు, గార్డ్ తినేయగా మిగిలిన జాగాయే చేపను పట్టేది. మా ఊరి చెరువులో తామరాకుల మధ్య కొరమీనుకు కప్పను గుచ్చి గాలం వేసేటప్పుడు మా చిన్నాన్న ఎప్పుడూ వెడల్పు గాలమే తీసేవాడు. "కప్ప పోగా ముల్లు మిగలాలిరా" అనేవాడు. ఆ మాట ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది.

నీళ్ల పైన తేలే ఫ్లైలకు, అంటే పాపర్లకు, ఇప్పుడు నేను గమకాట్సు బి10ఎస్ స్టింగర్ వాడుతున్నాను, 2 లేదా 1/0 సైజు. గ్యాప్ వెడల్పు, తీగ సన్నం. ఫ్లై రాడ్ మెత్తగా వంగుతుంది కాబట్టి లావు తీగను చేప దవడలోకి దింపడం కష్టం. అలాగని మరీ సన్నవి వద్దు, నాచు ముద్దతో సహా చేపను లాగేటప్పుడు తెరుచుకుంటాయి. గార్డ్‌కు 20 పౌండ్ల మోనో చాలు. కింది వైపు వెంట్రుకలను బ్లేడుతో కాడకు ఆనేలా గీసేయండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

నీళ్లలో మునిగే ఫ్లైలకైతే గార్డే అక్కర్లేదు, బెండ్‌బ్యాక్ కట్టండి. మస్టాడ్ 34007 లాంటి స్టీలు హుక్ తీసుకుని, కన్ను (దారం కట్టే రంధ్రం) వెనకాల కాడను మొన వైపుకు కొద్దిగా, కొద్దిగానే వంచాలి. ఎక్కువ వంచితే కన్ను మొనకు అడ్డమొచ్చి చేప తగలదు. బాగా గట్టిపరిచిన హుక్‌లు వంచితే పుటుక్కున విరుగుతాయి, నేను రెండు విరగ్గొట్టాను, కళ్లద్దాలు పెట్టుకోండి. వంచిన చోట వెంట్రుకలు కడితే ఫ్లై తిరగబడి మొన పైకి వస్తుంది, వెంట్రుకలు దాన్ని కప్పేస్తాయి.

కట్టిన ప్రతిదాన్నీ ముందు టర్కీ టవల్ మీద ఈడ్చి చూడండి, తర్వాత వేళ్ల మధ్య నొక్కి చూడండి. టవల్‌కు పట్టకూడదు, వేలికి మొన తగలాలి. చేప అందుకున్నాక రాడ్ ఎత్తకుండా లైన్‌ను చేత్తో సూటిగా లాగండి. మీ రాడ్ ఎన్ని వెయిటో, లీడర్ (లైన్ చివర ఫ్లైకి కట్టే దారం) ఎన్ని పౌండ్లో రాస్తే ఏ సైజు సరిపోతుందో చెబుతాను.