సదరం పరీక్షకు ఏ వైద్య రికార్డులు పనికివస్తాయి?

పక్షవాతం వచ్చిన మీ నాన్నగారికి సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) స్లాటు దొరికిందని, వైద్యం చేసిన ఆసుపత్రివారు మాత్రం పాత కేసు షీటు (ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రాసిన ఫైలు) ఇవ్వబోమంటున్నారని, ఇంట్లో ఉన్న బిల్లులు, మందుల చీటీలు, స్కానింగు ఫిల్ములు చూపిస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదని నా గట్టి అభిప్రాయం. బిల్లులు ఎంత ఖర్చయిందో చెబుతాయి, మందుల చీటీలు దేనికి వైద్యం జరిగిందో చెబుతాయి. సదరంలో పరీక్షించే డాక్టర్ల బృందం, అంటే వైద్య మండలి, తేల్చవలసింది ఈ రెండూ కాదు. మనిషి కాళ్ళూ చేతుల్లో ఎంత శక్తి పోయింది, పోయినది ఇక తిరిగి వచ్చేదేనా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా నరాల సంబంధమైన వైకల్యంలో జబ్బును కాక, దానివల్ల మిగిలిపోయిన లోపాన్ని కొలవాలని, అదీ సాధారణంగా జబ్బు మొదలై ఆరు నెలలు గడిచాకనే కొలవాలని చెబుతాయి. అందువల్ల మెదడులో రక్తం గడ్డకట్టిన చోటును చూపే ఎమ్మారై కంటే, పడిపోయిన చేతి పిడికిలిని రోగి ఎంతవరకు బిగించగలుగుతున్నాడో ఫిజియోథెరపిస్టు రాసిన ఒక్క కాగితమే ఎక్కువ విలువైనది. ఈ మాట నేను ఒక్క కేసును దగ్గరగా చూసి అంటున్నాను, అయినా వెనక్కి తీసుకోను.

ఆ కేసు మా మేనమామది. ఆయన బాపట్ల వైపు తాడిచెట్లు గీసేవారు. ఒక వేసవి ఉదయం మోకు జారి చెట్టు మీది నుంచి పడ్డారు. నడుము దగ్గర వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగింది. గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. (ఆ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది కాబట్టి 2007 నాటి పేరే వాడుతున్నాను.) ప్రాణం దక్కింది గాని కాళ్ళు దక్కలేదు. వాకరు పట్టుకొని మంచం నుంచి వాకిలి దాకా రావడమే ఆయనకు గగనమైంది.

సదరం శిబిరానికి అత్తయ్య మొదట తీసుకువెళ్ళినప్పుడు సంచి నిండా కాగితాలు ఉన్నాయి. మండలిలోని డాక్టరుగారు వాటిలోంచి డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి తీసి, చివరి పేజీలో ఒక వరుస మీద వేలుపెట్టి ఆగారు. "కండిషన్ ఎట్ డిశ్చార్జి: స్టేబుల్, ఆంబులేటరీ విత్ సపోర్ట్" అని అక్కడ అచ్చయి ఉంది. "నడుస్తున్నాడనే రాశారు కదమ్మా" అన్నారాయన. వచ్చిన శాతం నలభైకి దిగువన ఉండడంతో పింఛను దారి మూసుకుపోయింది. నేను ఆ డాక్టరుగారిని తప్పు పట్టను. వరండాలో తెల్లవారకముందు నుంచి కూర్చున్న జనాన్ని సాయంత్రంలోగా చూసి పంపవలసిన మనిషికి ఒక్కొక్కరి మీద వెచ్చించడానికి కొన్ని నిమిషాలకంటే ఉండవు. తప్పంతా ఆ డిశ్చార్జి సమ్మరీది. మా వైద్యం చక్కగా ముగిసింది అని చెప్పుకోవడానికి ఆసుపత్రి రాసుకునే కాగితం అది. రోగి ఇంటికి వెళ్ళాక ఎలా బతుకుతాడో చెప్పడం దాని పని కాదు. కంప్యూటరులో ముందే ఉన్న వాక్యాన్ని అందరికీ అంటించే అలవాటు ఆసుపత్రులకు ఎప్పుడు పోతుందో తెలియదు గాని, ఆ ఒక్క వాక్యం ఒక కుటుంబపు నెలసరి ఆదాయాన్ని ఆపగలదని అవి రాసేవారికి ఎవరైనా చెప్పాలి.

అప్పుడు కేసు షీటు కోసం నేను గుంటూరు వెళ్ళాను. రికార్డుల గదిలోని గుమస్తాగారు తల ఎత్తకుండానే, "ఆ ఫైళ్ళన్నీ గోడౌనుకు వెళ్ళిపోయాయండీ, డిశ్చార్జి సమ్మరీ ఇచ్చేశాం కదా, ఇంకేం కావాలి?" అన్నారు. నోటిమాటగా అడిగినవారికి ఎక్కడైనా దొరికే సమాధానం ఇదే. నేను ముందుగానే రాసుకువెళ్ళిన దరఖాస్తును బల్ల మీద పెట్టాను. భారత వైద్య మండలి (డాక్టర్ల వృత్తిని నియంత్రించిన ఎంసీఐ) 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళ పాటు భద్రపరచాలి. రోగి గాని, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే అడిగినట్టు రశీదు ఇచ్చి 72 గంటల్లోగా పత్రాలు అందజేయాలి. మా మామయ్య చెట్టు మీది నుంచి పడి అప్పటికి మూడేళ్ళు నిండబోతున్నాయి. "తీసుకోనంటే తీసుకోనని ఈ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి, చాలు" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లోపలికి తీసుకువెళ్ళి, ముద్ర వేసి ఒక ప్రతి నా చేతికి తెచ్చి ఇచ్చారు. గోడౌనులో ఉన్న ఫైలు గడువులోపే నడిచి వచ్చింది.

ఆ ఫైలును నేను ఆసుపత్రి మెట్ల మీదే కూర్చొని తిరగేశాను. మధ్యలో ఒక గళ్ళ కాగితం ఉంది. తుంటి, మోకాలు, చీలమండ అని నిలువుగా, కుడి, ఎడమ అని అడ్డంగా రాసి, ఒక్కొక్క గడిలో కండరాల బలాన్ని అయిదుకు ఇన్ని అని వేశారు. తుంటి దగ్గర రెండు, మోకాలి దగ్గర ఒకటి, రెండు చీలమండల దగ్గరా సున్నా. "ఆంబులేటరీ" అన్న మాటకు అసలు అర్థం ఆ గళ్ళలో ఉంది. దాని వెనక నర్సులు రాసిన పుటల్లో ఇంకొక సంగతి బయటపడింది: మూత్రం గొట్టం తీయడం, మూత్రం రాకపోవడం, మళ్ళీ వేయడం, ఇలా పదే పదే. మామయ్య ఈ బాధను సొంత అక్కకు, అంటే మా అమ్మకు కూడా ఏనాడూ చెప్పుకోలేదు. శిబిరంలో ఆడవాళ్ళ ముందు ఎలాగూ చెప్పరు. వెన్నుపాము దెబ్బ తిన్నవారిలో మూత్రాశయం మీద అదుపు పోవడాన్ని విడిగా అంచనా వేస్తారని, దాన్ని కాళ్ళ శాతానికి నేరుగా కూడకుండా ఒక సూత్రం ప్రకారం కలుపుతారని చాలామందికి తెలియదు. చెప్పనిదాన్ని, కాగితం మీద లేనిదాన్ని ఏ డాక్టరూ కలపలేరు.

ఆ తరువాత ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల డాక్టరుగారి చేత కాళ్ళ బలాన్ని అదే పద్ధతిలో మళ్ళీ కొలిపించి, తేదీతో రాయించుకున్నాము. పాత గళ్ళ కాగితాన్ని, కొత్త చీటీని పక్కపక్కన పెడితే అంకెలు దాదాపు ఒక్కటే. వైకల్యం శాశ్వతమని నమ్మించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను ఊహించలేను. పునఃపరిశీలనలో మండలివారు చూసినవి ఆ రెండు కాగితాలు, మూత్రం గొట్టం వివరాలున్న పుటలు మాత్రమే; శాతం నలభైని సునాయాసంగా దాటింది. సంచిలోని మిగిలిన కాగితాలను ఎవరూ ముట్టుకోలేదు.

కాగితాల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొన్ని కూడా చెప్పనివ్వండి. ఆసుపత్రి చీటీలో ఊళ్ళో పిలిచే పేరు, ఆధారులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటే ఆ తేడా సరిగ్గా పరీక్ష రోజునే ప్రాణం తీస్తుంది. కేసు షీటు అడిగేటప్పుడే రెండు పేర్లూ ఒక్కరివేనని ఆసుపత్రి చేత రాయించుకోండి. ఈ రోజుల్లో ఎక్స్‌రేలను ఎక్కువగా థర్మల్ ఫిల్ము మీద తీస్తున్నారు, రేకుల ఇంట్లో ఎండ వేడికి అవి నల్లబడతాయి. అందుకే ఫిల్ము కంటే రిపోర్టును జాగ్రత్త చేయాలి. సీడీ ఇచ్చామని ఆసుపత్రులు గొప్పగా చెబుతాయి, దాన్ని పెట్టి చూసే కంప్యూటరు శిబిరంలో ఎక్కడుంటుందో నాకైతే కనబడలేదు. ఇక ఆసుపత్రి గేటు బయట జిరాక్సు కొట్టు దగ్గర నిలబడి "శాతం నేను చూసుకుంటాను" అనే పెద్దమనుషులకు పైసా ఇవ్వకండి; వాళ్ళు అమ్మేది మీకు న్యాయంగా రావలసినదాన్నే.

మీ నాన్నగారి విషయంలో అడగవలసినవి ఇవి. చేరిన రోజు డాక్టరు రాసిన పరీక్ష వివరాలు, ఫిజియోథెరపీ పుటలు, నర్సుల పుటలు, సీటీ లేదా ఎమ్మారై రిపోర్టు కావాలని పేరుపేరునా దరఖాస్తులో రాయండి. "అన్ని రికార్డులూ" అని రాస్తే మళ్ళీ డిశ్చార్జి సమ్మరీయే చేతిలో పెడతారు. మాట కూడా తడబడుతున్నట్లయితే దాన్ని తప్పక రాయించండి, ఎందుకంటే చట్టంలోని 21 రకాల వైకల్యాలలో మాటకు సంబంధించినది వేరుగా ఉంది. ఆరోగ్యశ్రీ కింద వైద్యం జరిగి ఉంటే డబ్బు రాబట్టుకోవడానికి ఆసుపత్రి ఆ పత్రాలను ఆ పథకాన్ని నడిపే ట్రస్టుకు అప్పుడే పంపి ఉంటుంది, కనుక మా దగ్గర ఏమీ లేదన్న మాటను నమ్మనవసరం లేదు. వైద్యం చేసినది ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆయన పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే ఆ మాట స్పష్టంగా ఉన్న కాగితం ఇంకా ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి మామూలు దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైతే, అటువంటివారికి 15,000. తెలంగాణలో ఉన్నవారికి పింఛను మొత్తం వేరు, ఫైలు మాత్రం ఇదే.

శాతం తక్కువ వేశారనిపిస్తే అదే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలుకు కూడా కొత్తగా చెప్పే మాటల కంటే పాత తేదీలున్న పుటలే పనికివస్తాయి. ధ్రువపత్రం చేతికి వచ్చాక ఫైలును అటక మీదికి ఎక్కించకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్లను తిరిగి తనిఖీ చేసినప్పుడు, ఏళ్ళ తరబడి పింఛను తీసుకుంటున్నవారిని కూడా మళ్ళీ డాక్టర్ల ముందుకు పిలిచారు.