గుర్రానికి నేర్పాలన్నా, మనిషికి నేర్పాలన్నా: రాంచ్ జీవితంపై పాఠకుల ప్రశ్నలు

పశువైద్యుడిగా నేను అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో కొన్నేళ్ళు పనిచేసిన సంగతి గత సంచికలో ప్రస్తావనకు వచ్చింది. ఆ మాట పట్టుకుని పాఠకులు అక్కడి పశువుల రాంచ్‌ల (విశాలమైన మేత భూముల్లో మందలను పెంచే క్షేత్రాల) గురించి, గుర్రాల గురించి, అక్కడి మనుషుల మాటతీరు గురించి చాలా ప్రశ్నలు పంపించారు. వాటిలో ఆరింటికి ఈ నెల జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మోటారు బళ్ళు, హెలికాప్టర్లు వచ్చిన తరువాత కూడా రాంచర్లు గుర్రాలను ఎందుకు పోషిస్తున్నారు? అది పాతకాలం మీద మమకారమా, నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. నాలుగు చక్రాల చిన్న మోటారు బళ్ళు వాడే రాంచ్‌లు చాలా ఉన్నాయి; టెక్సాస్‌లోని పెద్ద రాంచ్‌లలో హెలికాప్టర్‌తో మందలను పోగుచేసేవాళ్ళూ ఉన్నారు. అయినా కొండవాలుల్లో, వాగుల ఒడ్డు పొదల్లో, మంచు కరిగి బురదైన నేలమీద, బండి దిగబడిపోయే చోట గుర్రం నడుస్తుంది.

అంతకన్నా పెద్ద కారణం పశువు స్వభావంలోనే ఉంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల పశువు తన చుట్టూ 300 డిగ్రీలకు పైగా చూడగలదు కానీ, సరిగ్గా తన వెనక ఏముందో దానికి కనిపించదు. ప్రతి ఆవు చుట్టూ మన కంటికి కనిపించని ఒక హద్దు ఉంటుంది. మనిషి ఆ హద్దులోకి అడుగు పెట్టగానే అది కదులుతుంది, మనిషి వెనక్కి తగ్గగానే నిలుస్తుంది. దాని భుజానికి కాస్త వెనకగా వెళితే ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకు వెళితే వెనక్కి మళ్ళుతుంది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు టెంపుల్ గ్రాండిన్ తన రచనల్లోనూ, బడ్ విలియమ్స్ అనే మందల నిపుణుడు తన శిక్షణ తరగతుల్లోనూ జీవితమంతా చెప్పింది ఈ సంగతే. ఆ హద్దు అంచున ఒక అడుగు అటూ ఇటూ జరుగుతూ, చప్పుడు చేయకుండా, అరవకుండా మందను నడిపించడానికి గుర్రమంత అనువైన వాహనం ఇంకా పుట్టలేదని నా అభిప్రాయం. బెదిరి పరుగెత్తిన పశువు బరువు తగ్గుతుంది, రాంచర్‌కు డబ్బు వచ్చేది ఆ బరువు మీదే. అందుకే పశువును అనవసరంగా పరుగెత్తించినవాణ్ణి అక్కడ ఎవరూ మంచి రౌతు అనరు.

ప్రశ్న: రౌతు కళ్ళెం కదపకుండానే గుర్రం తనంతట తాను అటూ ఇటూ దూకి ఒక ఆవును అడ్డగించడం చూశాను. అది శిక్షణ వల్ల వచ్చేదా, పుట్టుకతో వచ్చేదా?

జవాబు: రెండూ. మీరు చూసినది బహుశా క్వార్టర్ హార్స్ జాతి గుర్రం అయివుంటుంది. పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల దూరాన్ని మెరుపులా పరుగెత్తగలదు కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఆ జాతి నమోదు కోసం అమెరికన్ క్వార్టర్ హార్స్ సంఘం 1940లో ఏర్పడింది. బలమైన తొడలు, పొట్టి వీపు, ఉన్నచోటే గిరుక్కున తిరిగే ఒడుపు ఆ జాతి లక్షణాలు. పశువు ఎటు కదలబోతోందో ముందే పసిగట్టే గుణాన్ని రాంచర్లు ‘ఆవు తెలివి’ అంటారు. అది రక్తంలో లేని గుర్రానికి ఎంత నేర్పినా కొంతవరకే వస్తుంది. ఈ నైపుణ్యానికి ‘కటింగ్’ అనే పోటీ కూడా ఉంది: మందలోంచి ఒక పశువును విడదీశాక రౌతు కళ్ళెం పట్టిన చేతిని దించేయాలి, ఆపై పని అంతా గుర్రానిదే, మొత్తం ఆటకు ఉండే గడువు రెండున్నర నిమిషాలు.

ఇక శిక్షణ. పూర్వం గుర్రాన్ని కట్టేసి, జీను బిగించి, అది ఎగిరెగిరి అలసి లొంగేదాకా ఎక్కి కూర్చునేవారు. టామ్ డొరెన్స్, ఆయన దగ్గర నేర్చుకున్న రే హంట్ వంటివారు గత శతాబ్దంలో ఆ పద్ధతిని చాలామంది చేత మాన్పించారు. వారు చెప్పినది చాలా సూక్ష్మమైన విషయం: పగ్గంతోనో, కాలితోనో కొద్దిగా ఒత్తిడి పెట్టాలి, గుర్రం సరైన దిశలో ఆలోచించిన మరుక్షణం ఆ ఒత్తిడిని తీసేయాలి. గుర్రానికి పాఠం చెప్పేది ఒత్తిడి కాదు, దాన్ని తీసేసిన క్షణం. ఆ క్షణం ఆలస్యమైతే గుర్రం తప్పు పాఠం నేర్చుకుంటుంది.

ఒక వసంతంలో, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక రాంచర్‌తో కలిసి, జబ్బు పడిన ఆవును చూడటానికి గుర్రం మీద వెళ్ళాను. ఆయన ఎక్కిన మూడేళ్ళ గుర్రం మోకాలి లోతు వాగు దగ్గర మొండికేసింది. ఆయన కొరడా తీయలేదు, మడమలతో పొడవలేదు. దాని ముఖాన్ని నీళ్ళవైపు ఉంచారు. అది వెనక్కి తిరగబోయిన ప్రతిసారీ నిదానంగా మళ్ళీ అటే తిప్పారు. ఒక్క అడుగు ముందుకు వేసినప్పుడల్లా పగ్గం వదులు చేసి, మెడ నిమిరి, ఊరికే కూర్చున్నారు. అరగంట పట్టింది. అవతలి గట్టున నా ఆవు మూలుగుతుంటే నేను లోలోపల ఉడికిపోయాను. తిరుగు ప్రయాణంలో అదే గుర్రం అదే వాగును ఆగకుండా దాటింది, నా గుర్రమే రెండు క్షణాలు తటపటాయించింది. కాలిఫోర్నియాలో స్పానిష్ కాలం నుంచి వస్తున్న వకెరోల (గుర్రాల మీద మందలను కాసేవారి) పద్ధతిలోనైతే, ముక్కుపట్టీతోనూ తేలికపాటి కళ్ళెంతోనూ మొదలుపెట్టి పూర్తిస్థాయి కళ్ళెం నోట పెట్టేసరికి అయిదారేళ్ళు గడుస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి వ్యవసాయ విద్య చదువుతూ వేసవిలో వ్యోమింగ్‌లో ఒక రాంచ్‌లో పని నేర్చుకుంటున్నాడు. ప్రతి పొరపాటుకూ పాత పనివాళ్ళు వాణ్ణి ఆట పట్టిస్తున్నారట. అది అవమానించడం కాదా? వాణ్ణి వెనక్కి రమ్మనమంటారా?

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే మొదటి ఏడాది నన్నూ అలాగే ఆట పట్టించారు. అయినా వెనక్కి రమ్మనవద్దనే చెబుతాను. ఉచ్చు విసిరి దూడ తప్పిపోతే ‘నీ తాడు పొట్టిదా, ఈ దూడ మరీ పొడుగుదా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. జీను మీంచి జారి పడితే, దెబ్బ తగలలేదని తేలిన తరువాత, ‘నేల ఇంకా అక్కడే ఉందో లేదో చూడటానికి దిగావా?’ అంటారు. అక్కడ తరతరాలుగా చెప్పుకునే ఒక చమత్కారం ఉంది: పికప్ ట్రక్కులో టోపీలు పెట్టుకున్న ముగ్గురు కూర్చుంటే, వారిలో అసలైన కౌబాయ్ ఎవరు? మధ్యలో కూర్చున్నవాడు, ఎందుకంటే వాడు బండీ నడపక్కరలేదు, దిగి గేట్లూ తీయక్కరలేదు. మీ అబ్బాయి కిటికీ పక్కన కూర్చుని ఈ పాటికి వందల గేట్లు తీసి ఉంటాడు. కొత్తవాడి చోటు అదే.

ఈ పరాచికాలు వాళ్ళ మధ్య పెద్ద పనివాళ్ళనూ వదలవు. టెక్సాస్‌లో పెరిగినవాడు సుమారు 30 అడుగుల తాడు కొసను జీను ముందు కొమ్ముకు ముందే గట్టిగా ముడివేసుకుంటాడు. నెవాడా, ఒరెగాన్ ప్రాంతాల బకరూలు (అక్కడ కౌబాయ్‌లను అలా పిలుస్తారు) దాదాపు 60 అడుగుల తాడు వాడి, దూడ ఉచ్చులో పడ్డాక తాడును కొమ్ముకు చుట్టి, అవసరమైతే వదిలేస్తారు. ముడి వేసుకున్నవాడికి తన ఉచ్చు మీద నమ్మకం లేక కాదు కదా అని బకరూ అడుగుతాడు. చుట్టేవాడి చేతికి వేళ్ళన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టమని టెక్సాస్ మనిషి జవాబిస్తాడు. తాడుకూ కొమ్ముకూ మధ్య చిక్కి బొటనవేలు పోగొట్టుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు కనుక ఆ మాటలో నవ్వుతో పాటు హెచ్చరికా ఉంది.

ఈ మాటలకు హద్దులున్నాయి. ఆవు చచ్చిపోతున్నప్పుడు, గుర్రం కాలు విరిగినప్పుడు, ఒకరి ఇంట్లో కష్టం ఉన్నప్పుడు ఒక్క హాస్యమూ వినిపించదు. మనిషి నైపుణ్యం మీద విసుర్లు ఉంటాయి కానీ, అతని గుర్రాన్ని అడగకుండా ఎక్కడం, అతని ముందుకు గుర్రాన్ని అడ్డంగా నడపడం, గేటు మూసినవాడు తిరిగి గుర్రం ఎక్కకముందే వెళ్ళిపోవడం మర్యాద తప్పిన పనులు. వీటిని నవ్వుతూ క్షమించరు. మీ అబ్బాయిని తనూ నవ్వమనండి, నవ్విన తరువాత తాడు ఎలా పట్టుకోవాలో అడగమనండి. అడిగినవాడికి వాళ్ళు ఎంతసేపైనా ఓపికగా చూపిస్తారు. వాడి పుట్టుక, రంగు, భాషల మీద ఎవరైనా నోరు పారేసుకుంటే మాత్రం అది పరాచికం కాదు. యజమానికి సూటిగా చెప్పవలసిన విషయం.

ప్రశ్న: దూడలకు కాల్చిన ఇనుముతో వాత పెట్టడం క్రూరత్వం కాదా?

జవాబు: నొప్పి కలుగుతుంది, లేదని నేను అనను. కంచెలు లేని విశాలమైన మేత భూముల్లో పలువురి మందలు కలిసిపోయే చోట పశువు ఎవరిదో చెప్పడానికి వాత గుర్తును మించిన సాక్ష్యం లేదు. పశ్చిమ రాష్ట్రాల్లో ఈ గుర్తులను ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి, పశువు చేతులు మారేటప్పుడు తనిఖీ అధికారి చూసి పత్రం ఇచ్చే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. గుర్తులకు ఒక వ్యాకరణం కూడా ఉంది: ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి, పక్కకు వాలి పడుకున్న అక్షరాన్ని ‘బద్ధకపు’ అక్షరమని, రెక్కలున్నదాన్ని ‘ఎగిరే’ అక్షరమని, కింద ఒంపు గీసినదాన్ని ‘ఊగే’ అక్షరమని పిలుస్తారు.

వసంతంలో వాతల రోజున చుట్టుపక్కల రాంచర్లంతా వస్తారు. కూలి తీసుకోరు, ఈరోజు నీ దొడ్డిలో నేను, వచ్చే వారం నా దొడ్డిలో నువ్వు. గుర్రం మీది మనిషి దూడ వెనక కాళ్ళకు ఉచ్చు వేసి నిప్పు దగ్గరికి లాగితే, ఇద్దరు పట్టుకుంటారు, ఒకరు జబ్బవాపు వంటి రోగాలకు టీకా వేస్తారు, ఒకరు మగదూడ విత్తులు తీస్తారు, ఒకరు వాత పెడతారు. అలవాటైన చేతులైతే ఒకటి రెండు నిమిషాల్లో దూడ లేచి తల్లి దగ్గరికి పరుగెడుతుంది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన ఇనుముతో వేసే గుర్తు నొప్పి తక్కువగా ఉంటుంది కానీ ఎక్కువ సమయం పడుతుంది. వైద్యుడిగా నేను నొప్పి తగ్గించే మందు వాడాలని వాదించినవాణ్ణి, ఇప్పటికీ అదే అంటాను.

ప్రశ్న: ఒక రాంచ్‌లో ఎన్ని ఆవులుంటాయి? మన ఒంగోలు జాతి అమెరికా పశువుల్లో ఉందన్న మాట నిజమేనా?

జవాబు: మొదటి ప్రశ్న ఏ రాంచర్‌నూ ముఖాముఖి అడగకండి, అది బ్యాంకులో మీకు ఎంత ఉందని అడగడంతో సమానం. నేల పొడిగా ఉన్న చోట ఒక్క ఆవుకు పదుల ఎకరాలు కావాలి కనుక, చాలామంది ప్రభుత్వ భూముల్లో కూడా మేపుకుంటారు. 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం నుంచి వచ్చిన ఆ ఏర్పాటులో, ఆవూ దూడా కలిసి ఒక నెల మేసే మేతకు 2024లో వసూలు చేసిన రుసుము 1.35 డాలర్లు.

రెండవది నిజం. వేడినీ పురుగులనూ తట్టుకునే అమెరికన్ బ్రాహ్మన్ జాతిని గుజరాత్, గిర్, కృష్ణా లోయ జాతులతో పాటు మన ఒంగోలు రక్తంతోనే తయారుచేశారు; ఒంగోలు పశువును అక్కడ ‘నెల్లూరు’ అన్న పేరుతో పిలిచారు.

ప్రశ్న: ఏడాదిలో అతి కష్టమైన కాలం ఏది?

జవాబు: ఆవులు ఈనే కాలం. చూలు సుమారు 283 రోజులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, మంచు కురుస్తూ ఉండగానే ఈతలు సాగుతాయి. తొలిచూలు పెయ్యలను ఇంటి దగ్గరి దొడ్డిలో ఉంచి రాత్రంతా రెండు మూడు గంటలకొకసారి లాంతరుతో చూసి వస్తారు. చాలా ఇళ్ళలో ఆ రాత్రి కాపలా ఆడవాళ్ళదే. ముందు కాళ్ళు రెండూ, వాటి మీద ముక్కు కనిపిస్తే అంతా సవ్యమే. గిట్టల అడుగుభాగం ఆకాశం వైపు తిరిగి ఉంటే అవి వెనక కాళ్ళు అయివుండే అవకాశం ఎక్కువ, అప్పుడు నాలాంటివాడికి ఫోను వస్తుంది. పుట్టిన దూడ మొదటి కొద్ది గంటల్లోనే ముర్రుపాలు తాగాలి, ఎందుకంటే ఒక రోజు గడిచేసరికి ఆ పాలలోని రక్షక పదార్థాలను ప్రేగులు పీల్చుకోవడం దాదాపు ఆగిపోతుంది. చలికి కొయ్యబారిన దూడను పికప్ ట్రక్కులో సీటు ముందు నేలమీద పడుకోబెట్టి, హీటరు పెంచి, ఒళ్ళంతా తువ్వాలుతో రుద్దుతూ ఇంటికి తెస్తారు. అలా తెచ్చిన ఒక దూడ తెల్లారేసరికి ఆ ఇంటి వంటగదిలో లేచి నిలబడి, కాఫీ కాచుకుంటున్న యజమాని చొక్కా చెంగు చప్పరించడం నేను చూశాను. మంచుకు దాని చెవుల కొసలు రాలిపోయాయి. ఆ వేసవిలో మందలో దాన్ని గుర్తుపట్టడానికి ఎవరికీ చెవి పోగు నంబరు అవసరం కాలేదు.